తడి తరుగు

ప్రసూతి వార్డులో త్రాసు ఒకటే.
దాని మీద పరిచే గుడ్డ ముప్ఫై గ్రాములు.
అది తీసేసి రాయడం నా పని.

జూలై. బ్వేనస్ ఐరెస్ శివారు.
మా వైపు జూలై అంటే ఎముకలు కొరికే చలి.
పదేళ్లు ఒక పెసోకి ఒక డాలరని నమ్మించి
డిసెంబరులో ఒకరోజు బ్యాంకులు షట్టర్లు దించేశాయి.
ఆ తర్వాత జీతం అనే మాట
ఇళ్లల్లో పాత చుట్టం పేరులా వినబడేది,
ఎప్పుడొస్తాడో, అసలు ఉన్నాడో లేడో.

డిసెంబరుకి ఓతీలియాకి మూడో నెల.
వేవిళ్లు తగ్గి
ఏదైనా తినాలనిపించే రోజులు వచ్చేసరికి
తినడానికి ఏమీ లేదు.
సెల్సో పనిచేసే ఫ్రిజ్జుల ఫ్యాక్టరీ
పండగ సెలవులకని మూశారు.
తాళం ఇంకా అలాగే ఉంది.

సాయంత్రం సీట్లు పీకేసిన రైలెక్కి
ఇద్దరూ తోపుడు బండితో పట్నం వెళ్లేవాళ్లు,
డబ్బున్నవాళ్ల వీధుల్లో అట్టపెట్టెలు ఏరడానికి.
అర్ధరాత్రి తిరుగు రైలు.
ఇంటికొచ్చి మాతే కాచుకునేవాళ్లు,
చేదాకు, వేడినీళ్లు, ఉంటే చెంచాడు చక్కెర.
అదే రాత్రి భోజనం.
కడుపు పండింది, కడుపు నిండలేదు.
మోస్తున్నది ఒకే కడుపు.

పక్క మంచం ఇవానాది.
బ్యాంకు గుమస్తా. ఉద్యోగం పోలేదు.
మాంసం తిన్నది, పాలు తాగింది,
డాక్టరు రాసిన మాత్ర ఒక్కటీ మానలేదు.
కానీ రోజూ ఆమె కౌంటరుకి అవతల
ఊరు ఊరంతా గిన్నెలు వాయించేది.
ఒక ముసలాయన, రిటైరైన వడ్రంగి,
తన సుత్తి తెచ్చుకుని షట్టరు మీద కొట్టేవాడు.
తొందరేమీ లేదు, మేకు దిగేసినట్టు, లెక్కగా.
"ఒక్కో దెబ్బకీ లోపల ఉలిక్కిపడేది," అంది ఇవానా.
"ఆయన డబ్బు నా దగ్గర లేదని
దానికి నేనెలా చెప్పను?"
ముప్ఫై అయిదో వారానికే వచ్చేసింది ఆ పిల్ల.
గాజుపెట్టెలో పడుకుని
ఇప్పటికీ ఏదో వింటున్నట్టు ఉంటుంది.

ఓతీలియా కూతురు మాత్రం
నెలలు నిండాకే వచ్చింది.
నల్లటి జుట్టు, గట్టి గొంతు.
త్రాసు ముల్లు ఊగి, ఊగి, ఆగింది.
గుడ్డ తీసేస్తే
రెండు వేల రెండు వందల పది.

బరువు చెప్పాను.
ఆమె దిండు మీద తల తిప్పి అడిగింది:
"తడి తుడిచాకే తూచావా?
గోదాములో తడి తరుగని
కిలోకి రెండొందలు కోసేస్తాడు వాడు."
తుడిచాననే చెప్పాను.
"అయితే అది అసలు బరువే" అని
తనే నవ్వింది.
కుట్లు నొప్పెట్టి నవ్వు మధ్యలో ఆపేసింది.

రిజిస్టరులో గళ్లున్నాయి.
తల్లి వయసు, ఎన్నో కాన్పు, ఎన్ని వారాలు,
పొగ తాగుతుందా, తాగదా.
ఫ్యాక్టరీ తాళానికి గడి లేదు.
సుత్తికి లేదు.
ఫిబ్రవరి నుంచి నేను అంచున పెన్సిలుతో
ఆ రోజు రొట్టె ధర రాస్తున్నాను.
రొట్టె పైకి పోతుంటే
పక్క గడిలో గ్రాములు దిగుతున్నాయి.
అన్ని రోజులూ కాదు. కొన్ని రోజులు
అసలేమీ కలవదు, బొద్దు పిల్లలు పుడతారు,
నా మీద నాకే అనుమానం వస్తుంది.

హెడ్ నర్సు దోన్యా ఎర్మీందా చూసి కోప్పడింది.
"ఇది కిరాణా కొట్టు పద్దు కాదు" అంది.
రబ్బరు తెచ్చి నా చేతిలో పెట్టింది.
చెరపమని నిలబడింది.
ఒక పేజీ చెరిపాను.
రెండో పేజీ దగ్గర ఆవిడే నా చెయ్యి పట్టుకుని
కళ్లజోడు సర్దుకుని
అడిగింది, చిన్నగా:
"మార్చిలో ఇంత ఉందా, రొట్టె?"

అవతల ఓతీలియా చొక్కా గుండీలు విప్పి
బిడ్డని ఒంటికి ఆనించుకుంది.
పైన నా ఉన్ని స్వెటరు, ఆపైన సెల్సో కోటు.
హీటరుకి గ్యాసు మధ్యాహ్నానికే అయిపోయింది.
మళ్లీ తూచేది రేపు ఉదయం,
తడి తుడిచాకే.